ఆరో సీసా

ఆ తలుపు తట్టేవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరూ ముగ్గురూ కూడా దారి తప్పి వచ్చినవాళ్లే.

మంగళవారం పొద్దున పదింటికి వచ్చినవాడు బండి తాళంచెవిని వేలికి గిరగిరా తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

“అన్నా, నంబర్ ప్లేటుకు రేడియం ఎయ్యాలె. ఎంతసేపైతది?”

భూమేష్ చేతిలోని గాజు గొట్టాన్ని స్టాండులో పెట్టి తలెత్తాడు. నిజామాబాద్‌లో, ఖలీల్‌వాడిలో అడిగినా బస్టాండు ఎదురుగా అడిగినా రేడియం అంటే ఒకటే అర్థం: బండి మీద నంబరు, నంబరు పక్కన దేవుడి పేరు, మడ్‌గార్డు మీద ఎవరికీ చెప్పని అమ్మాయి పేరులో మొదటి అక్షరం. మూలకాల పట్టికలో ఎనభై ఎనిమిదో గదిలో కాపురముండే రేడియం సంగతి ఆ వీధుల్లో ఎవరికీ పట్టదు.

“ఇక్కడ రేడియం ఎయ్యరు తమ్మీ. మట్టిల, నీళ్లల్ల గసొంటివి ఎన్నున్నయో సూస్తరు.”

“సూసి?”

“సూసి రాస్తరు.”

“రాసి?”

వచ్చినవాడు గుమ్మం మీది పసుపుపచ్చ బోర్డునూ, దాని మీద రేడియేషన్ జాగ్రత్త అని చెప్పే మూడు రెక్కల నల్ల గుర్తునూ అప్పుడు చూశాడు. తాళంచెవి తిరగడం ఆగింది. ఒక అడుగు వెనక్కి వేశాడు, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్కపెట్టడానికి వీల్లేనన్ని.

వాడు పోయాక భూమేష్‌కు అనిపించింది: ఆ నంబరేదో తనే అంటించి ఉంటే పది నిమిషాలు కూర్చునేవాడు కదా.

అది పాత బీడీ కార్ఖానా. మెట్లెక్కితే బీడీల కంపెనీ, మెట్ల కింద ఈ పరీక్షా కేంద్రం. పైన లేబరు, కింద ల్యాబు. మట్టిలోంచీ బూడిదలోంచీ వచ్చే కిరణాలను లెక్కపెట్టే యంత్రం చుట్టూ సీసపు ఇటుకల గూడు ఉంది, టన్నున్నర బరువు. మేడ మీద పెడితే మేడే కిందికొస్తుందని ముందే కింద పెట్టారు. పద్యంలో సీసానికి నాలుగు పాదాలు, ఇక్కడి సీసానికి నాలుగు గోడలు. ఆ సీసం పక్కన బల్ల నిండా సీసాలు. ప్రతి సోమవారం భూమేష్ ఆ గూట్లో ఏమీ పెట్టకుండా మూతవేసి, ఏమీ లేకపోవడం ఎంతుందో కొలుస్తాడు. నేలలోంచీ, గోడలోంచీ, ఆకాశంలోంచీ వచ్చే కిరణాలను యంత్రం లెక్కపెడుతూనే ఉంటుంది. ఖాళీ లెక్క అంటారు దాన్ని. ఆ లెక్క ఎప్పుడూ సున్నా రాదు. భూమేష్‌కు లోకంలో ఉన్న సాంత్వనల్లో అదొకటి.

బీడీలు అప్పజెప్పే రోజుల్లో ఆడవాళ్ల వరస మెట్ల మీద నుంచి దిగి, వరండాలోకి వచ్చి, రోడ్డు దాకా సాగుతుంది. ల్యాబు గుమ్మం ముందు మాత్రం రెండు గజాలు తెగుతుంది. అవతల మళ్లీ అతుక్కుంటుంది. ఎవరూ గీత గీయలేదు. వాళ్ల మాటలు, నవ్వులు, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నదో అన్నీ పైకప్పు గుండా కిందికి వస్తాయి. మనుషులు రారు.

ఆ రోజు బల్ల మీద ఆరు సీసాలున్నాయి. పోయిన శుక్రవారం బోధన్ అవతల గానుగుపల్లి నుంచి తెచ్చిన బోరు నీళ్లు. బోరు నీళ్ల పని బోరు కొట్టదా అని అడిగే మనిషి లేడు కాబట్టి కొట్టదని అతనికి అతనే చెప్పుకుంటాడు. నీళ్లను వడగట్టి, చిన్న చదరపు గాజు గొట్టంలో పోసి, రెండు చుక్కల మందు కలిపి, గొట్టం బయటివైపు మెత్తటి కాగితంతో తుడిచి యంత్రంలో పెట్టాలి. లోపల ఊదారంగు వెలుగు పడుతుంది. నీళ్లలో యురేనియం ఉంటే పచ్చగా మెరుస్తుంది. ఎంత మెరిస్తే అంత ఉన్నట్టు. మెరిసేదంతా బంగారం కాదని ఇంత కచ్చితంగా చెప్పే యంత్రం ఇంకొకటి లేదు.

లీటరుకు ముప్పై మైక్రోగ్రాములు హద్దు. మొదటి సీసా నలభై ఒకటి. రెండోది యాభై రెండు. మూడు, నాలుగు, ఐదు కూడా హద్దు దాటాయి. అదంతా నేల కింది రాయి చేసే పని. రాయిని అడిగేవాడు లేడు.

ఆరోది ఊరి అవతల, కాలువ గట్టు కింద ఉన్న బేతేలు వాడది. యంత్రం ‘ఒకటి’ అన్న అంకె చూపించింది.

భూమేష్ గొట్టం కడిగి మళ్లీ పోశాడు. మళ్లీ ఒకటి. ఇంకో గొట్టం తీసుకున్నాడు. ఒకటి. ఇంతలో ఫోను మోగింది. అక్క ధనలక్ష్మి.

“తమ్ముడూ, తిన్నవా?”

“పదిన్నరకు ఏం తింటరక్కా.”

“గదే. రేపు పిల్ల శ్రీమంతం గద.” అక్క కొంచెం ఆగింది. వెనకాల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. “ఏమనుకోకురా. పిల్ల కడుపుతోని ఉన్నది. నువ్వేమో గా రూంల ఉంటవు. వియ్యపురాలు ఏందేందో అంటున్నది. నువ్వు ఫోన్లనే దీవించు. వీడియో పెడ్త.”

“నేనేమన్న జేబుల ఏసుకొని తిరుగుతనా అక్కా.”

“నాకెరుకే. ఆమెకు ఎవలు చెప్పాలె?”

“నేను చెప్త.”

“నువ్వు చెప్పనీకి రావాలె గదరా. రావద్దనే గద ఆమె అంటున్నది.”

ఫోను పెట్టేసి భూమేష్ కాసేపు గాజు గొట్టాన్ని తుడిచాడు. అది అప్పటికే తుడిచి ఉంది. తర్వాత నీళ్లలో ఉప్పులెంతున్నాయో చెప్పే పెన్ను లాంటి మీటరు తీసి ఆరు సీసాల్లోనూ వరసగా ముంచాడు. ఐదింట్లో తొమ్మిది వందల పైమాటే. ఆరో దాంట్లో నలభై.

ఆ చుట్టుపక్కల ఏ బోరులోంచీ నలభై రాదు. ఇది పాతాళగంగ కాదు, డబ్బాగంగ. ఎవరో ఫిల్టరు నీళ్లు పోశారు.

శుక్రవారం గుర్తు చేసుకున్నాడు. వాడకు చేరేసరికి కరెంటు లేదు, మోటరు తిరగదు. ఒక ముసలామెకు సీసా ఇచ్చి, కరెంటు రాగానే పట్టి పెట్టమని చెప్పి, సాయంత్రం వచ్చి తీసుకున్నాడు. నమూనా పట్టినవారి పేరే రాయాలని రిజిస్టరు మొదటి పేజీలోనే ఉంది. అయినా ‘సేకరించినవారు’ అన్న గడిలో తన పేరే రాశాడు. ఈ మధ్యలో తనెక్కడికి పోయాడు అన్న చోట మాత్రం జ్ఞాపకం కాస్త పక్కకు జరిగి నిలబడింది.

*

విష్ణు సార్‌కు దశావతారాలు లేవు గానీ మూడున్నాయి. హైదరాబాద్ మీటింగుల్లో ఒకటి, కాలేజీలో పాఠం చెప్పేది ఒకటి, ఈ కేంద్రానికి అధిపతిగా వారానికి రెండుసార్లు సంతకాలు పెట్టేది ఒకటి. మూడో అవతారం ఆ మధ్యాహ్నం వచ్చి, కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది. సీసం గూడుకు ఆయన కూడా ఎప్పుడూ అంతే దూరంలో కూర్చుంటాడు.

“ఒకటి వస్తే సంతోషమే కదయ్యా.”

“అవి బోరు నీళ్లు కావు సార్. ఆ వాడోళ్లు రోజు తాగేవి కావు.”

“మెషీన్ నుంచి ఆన్‌లైన్‌కు ఎక్కిందా?”

“ఎక్కింది సార్. రీడింగు రాంగనే ఎక్కుతది.”

“అయితే అయిపోయింది.” సార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “శుక్రవారం రిపోర్టు పోవాలి. దిద్దితే కంప్యూటరు కారణం అడుగుతుంది. నమూనా నేనే పట్టిన అని నువ్వే రాసినవ్. నీ కాంట్రాక్టు నెలాఖరుకు రెన్యువల్ ఉంది. ఇవన్నీ కలిపి చూసుకో.”

భూమేష్ కలిపి చూసుకున్నాడు. ముప్పై దాటిన బోరు దగ్గర మంచినీళ్ల ట్యాంకరు ఆగుతుంది. తర్వాత ఫిల్టరు ప్లాంటు వస్తుంది. దాటని చోట ఆగదు. నల్లా పైపు గానుగుపల్లి చివరి దాకా వచ్చింది, వాడ దాకా రాలేదు. వాడవాళ్లు ఆ బోరు నీళ్లే తాగాలి, ఈసారి సర్కారు ముద్ర వేసి మరీ. ఊరి బోర్లే యాభై చూపిస్తే, పల్లంలో ఉన్న ఆ బోరు ఎంత చూపిస్తుందో ఎవరికీ తెలియదు. ఒకటి అని రాసినది అతనే.

“రేపు సెలవు గావాలె సార్.”

“ఎందుకు?”

“మా అక్క బిడ్డ శ్రీమంతం.”

అబద్ధం కాదు. శ్రీమంతం ఉన్నమాట నిజమే.

*

బుధవారం పొద్దున బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో సంచి, సంచిలో రెండు ఖాళీ సీసాలు. జానకంపేట దాటాక చెరుకు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయి బస్సు పావుగంట ఆగింది. చెరుకు నరకడానికి సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కూలీలు ట్రాలీ మీద నిలబడి మరాఠీలో డ్రైవరుతో పోట్లాడుతున్నారు. బస్సు ఆగితే జనం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. పక్క సీటాయన భూమేష్‌ను ఏం పని చేస్తావని అడిగాడు.

“నీళ్ల పని,” అన్నాడు భూమేష్. అంతవరకే చెబితే పక్కవాళ్లు లేచిపోరు.

బోధన్‌లో దిగి, పొగ మానేసిన పాత చక్కెర ఫ్యాక్టరీ గొట్టాన్ని ఎడమవైపు వదిలేసి, వర్ని వైపు పోయే ఆటోలో ఇరుక్కుని గానుగుపల్లి చేరేసరికి పదకొండు దాటింది. ఊరు దాటి, కాలువ గట్టు దిగితే బేతేలు వాడ. ముప్పై ఇళ్లు, రేకుల చర్చి, చర్చి ముందు బోరు.

శుక్రవారం సీసా అందుకున్న ముసలామె బాలవ్వ అరుగు మీద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య ఒక్క దొర్లింత. దారం రెండు చుట్లు. చూపు చాట మీద లేదు.

“ఎరుకే. సీస తెచ్చిన సారువు. కూసో.”

ప్లాస్టిక్ కుర్చీ మీద తువ్వాల పరిచింది. లోపలికి పోయి స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. భూమేష్ తాగాడు. ఉప్పదనం లేదు, మట్టిదనం లేదు, అసలు ఏ రుచీ లేదు. తలుపులోంచి చూస్తే లోపల స్టూలు మీద నీలం డబ్బా, దాని మీద అల్లిన తెల్లబట్ట.

“గా డబ్బ నీళ్లు రోజు తాగుతరా అవ్వా?”

“రోజు తాగనీకి మేమేమన్న దొరలమా. పాస్టరమ్మ వస్తెనో సుట్టాలొస్తెనో తెప్పిస్తం. మాకు బోరే.”

“మొన్న నా సీసల గూడ గవే పోసినవా?”

కత్తెర ఆగింది. బాలవ్వ సగం చుట్టిన బీడీని చాట అంచున పెట్టింది. అది తనంతట తనే విప్పుకుంది.

“నీళ్లు గావాలె అంటివి. మంచియే ఇయ్యాలె గద.”

“పరీక్షకని చెప్పిన గదవ్వా.”

“చెప్పినవ్. నేనేమన్న చెవిటిదాన్నా?” చాటను పక్కకు జరిపింది. “సారూ, నిన్ను మొన్న కూసోమన్న. ఎండల వచ్చినవు, జర బువ్వ తిను అన్న. కడుపు నిండున్నది అవ్వా అన్నవు. అన్నవా లేదా?”

భూమేష్ గ్లాసు వైపు చూశాడు.

“ఊళ్లెకు పోయి హోటల్ల రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్నవట. మా ఏసుదానం సూసిండు. అప్పుడనుకున్న. మా ఇంట్ల బువ్వ తిననోడు మా నీళ్ల సంగతి ఏం రాస్తడో అని. అందుకే డబ్బ నీళ్లు పోసిన.”

ఏదో అనడానికి భూమేష్ నోరు తెరిచాడు. ఎండ అనీ, టైము అనీ, అలవాటు అనీ. అలాంటి సాకులు అతనికి బాగా తెలిసినవే. వీడియోలో దీవించమన్నప్పుడు అక్క గొంతులో వినిపించినవి.

“మా మామకు డిచ్‌పల్లి కుష్టు దవాఖాన్ల నయమైంది,” అంది బాలవ్వ. “నయమైందని కాగితం గూడ ఇచ్చిండ్రు. పెట్టెల ఇంకా ఉన్నది. ఎవ్వడన్న సదివిండా? మంచి కాగితం ఎవ్వలు సదువరు సారూ. చెడ్డ కాగితమైతె సదువు రానోళ్లు గూడ సదువుతరు.”

“ఊరోళ్ల బోర్లు గూడ దాటినయ్ అవ్వా. ఐదుకు ఐదు. రాయిల నుంచి వస్తది. మెల్లగ కిడ్నీలు ఖరాబైతయ్.”

“వాళ్లయి దాటితె నీళ్లది తప్పంటరు. మాయి దాటితె మా నెత్తురుది తప్పంటరు.”

దానికి కొలత లేదు. ఏ గొట్టంలో పోసినా మెరవదు. భూమేష్ కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చున్నాడు. లేచి పోవాలో ఉండాలో తెలియలేదు. కరెంటు రెండింటికి వస్తుంది.

అప్పుడు ఫోను మోగింది. వీడియో. తెర మీద ముందు పైకప్పు, తర్వాత ఎవరిదో పట్టుచీర భుజం, ఆ తర్వాత కుర్చీలో అక్క కూతురు. మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు.

“మామయ్యా, వినపడ్తున్నదా?”

“వినపడ్తున్నది బిడ్డా.”

“తమ్ముడూ, జల్ది దీవించు. వరసల మంది ఉన్నరు,” అంది కనిపించని అక్క.

భూమేష్ కుడిచేయి ఎత్తాడు. ఎత్తాక ఆ చేతిలో ఏమీ లేదని తెలిసింది. అలాగే గాల్లో ఉంచాడు. ఇంతలో పక్కన గాజుల చప్పుడైంది. బాలవ్వ లోపలి నుంచి గుప్పెడు బియ్యం తెచ్చి అతని అరచేతిలో పోసింది.

“వట్టి చేతులతోని దీవిస్తరా ఎవలన్న,” అంది మెల్లగా.

అతను బియ్యాన్ని ఫోను మీద చల్లాడు. గింజలు అద్దానికి తగిలి కిందికి రాలాయి. కొన్ని చాటలో తంబాకు మీద పడ్డాయి. తెరలోని పిల్ల తలవంచింది. అంతలో ఎవరో ఫోను లాక్కున్నట్టుంది, మళ్లీ పైకప్పు కనిపించింది, తర్వాత ఏమీ కనిపించలేదు.

బాలవ్వ తంబాకులోంచి బియ్యం గింజలు ఒక్కొక్కటే ఏరుతూ అడిగింది.

“నిజామాబాద్‌లనే గద వాళ్లుండేది?”

“ఆఁ. మా రూంకు రెండు గల్లీల అవతల.”

“మల్ల పోలేదేంది?”

“రావద్దన్నరు. నేను పనిజేసే జాగల ఏదో అంటుకుంటదని.”

“అంటుకుంటదా?”

“అంటుకోదు.”

బాలవ్వ ఏరిన గింజల్ని కొంగులో వేసుకుంది. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. జాలిగా కాదు, సంతలో మేకను చూసినట్టు, పళ్లు లెక్కపెట్టేలా.

“అయితె నువ్వు గూడ మా వాడోనివే,” అంది. “లే. చేతులు కడుక్కో.”

జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, ఎర్రకారం వేసి ఉడికించిన చిక్కుడుకాయ. భూమేష్ అరుగు మీద కాళ్లు మడుచుకుని తిన్నాడు. ఇంకొకటి వేసింది. వద్దనలేదు. రెండింటికి చర్చి గోడ మీది పెట్టెలో ఎర్ర లైటు వెలిగింది. అతను అడగకముందే బాలవ్వ లేచింది.

“కరెంటొచ్చింది. సీస తెచ్చినవా?”

మోటరు వేశాక పది నిమిషాలు ఊరికే పోనిచ్చాడు. పైపులో నిలవున్న నీళ్లు పోయి నేలలోవి రావాలి. ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగాడు. నాలుగోసారి మూతి దాకా నింపి, గాలి బుడగ మిగలకుండా మూత తిప్పి, తుడిచి, చీటీ అంటించాడు. బాలవ్వ ప్రతి పనినీ మెడ చాచి చూసింది.

“గింత కథనా. నేను ఒక్కసారి గూడ కడుగలే.”

రెండో సీసాకు చీటీ అంటిస్తుంటే అడిగింది.

“నేను మోసం జేసిన అని రాస్తవా కొడుకా? కేసైతదా?”

“రాయనవ్వా.”

“మల్ల ఏం రాస్తవు?”

“ఏదో ఒకటి రాస్త,” అన్నాడు. ఏం రాస్తాడో అప్పటికి అతనికీ తెలియదు.

*

గురువారం యంత్రం నూట పద్దెనిమిది చూపించింది. రెండో సీసాలో నూట పదహారు. పైన బీడీల వరస ఉన్న రోజది. ఎవరో ఎవరి మొగుణ్నో తిడుతుంటే పదిమంది నవ్వుతున్నారు.

విష్ణు సార్ వచ్చి ఆ అంకె చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని తేలికయ్యేది. కుర్చీని తలుపు దగ్గర వదిలేసి, మొదటిసారి కంప్యూటరు దాకా వచ్చి నిలబడ్డాడు.

“మార్చక తప్పదు. పేజీ తెరువు.”

పాత అంకె మీద నొక్కితే కారణం అడిగింది. మూడు గడులు. యంత్ర లోపం. గ్రామస్తులు నమూనా మార్చారు. సేకరణలో సిబ్బంది లోపం. మూడోదాని కింద వివరం రాయడానికి చిన్న పెట్టె.

“మొదటిది వద్దు. ఈ యంత్రం మీద పోయిన రిపోర్టులన్నీ తిరగదోడుతరు,” అన్నాడు సార్. “రెండోది నొక్కు. అబద్ధం ఆడమంటలేను. అదే జరిగింది కదా?”

“అదే జరిగింది సార్. సగం.”

“మిగతా సగం?”

“సీసా వదిలిపెట్టి పోయింది నేను.”

“ఎక్కడికి?”

“అన్నం తిననీకి.”

“ఆకలైతే ఎవరైనా పోతరు. దానికేముంది.” సార్ గొంతు తగ్గించాడు. “భూమేష్, రెండోది నొక్కితే వాళ్లకేం కాదు. ఒక వార్నింగు లెటరు పోతది. సర్పంచు చదివి వినిపిస్తడు, అయిపోతది. మూడోది నొక్కితే నీకు అవుతది. నేను ఆపలేను.”

సర్పంచు చదివి వినిపిస్తాడు. ఊరందరి ముందు, మైకులో. బేతేలు వాడవాళ్లు నీళ్లు మార్చి సర్కారును మోసం చేశారు. చదువు రానివాళ్లు కూడా చదివే కాగితం.

భూమేష్ మూడో గడి నొక్కాడు. పెట్టెలో టైపు చేయడం మొదలుపెట్టాడు. అతనికి రిపోర్టుల భాష బాగా వచ్చు: అనివార్య కారణముల వలన, సాంకేతిక ఇబ్బందుల దృష్ట్యా. వేళ్లు అలవాటుగా ‘అని’ దాకా పోయి ఆగాయి. చెరిపేసి రాశాడు.

‘కరెంటు వచ్చేవరకు తమ ఇంట్లో కూర్చోమన్నారు. భోజనం చేయమన్నారు. నేను కూర్చోలేదు, చేయలేదు. సీసా వారికి అప్పగించి వెళ్లిపోయాను. నమూనా నేను పట్టలేదు. నేనే పట్టినట్టు సంతకం చేశాను.’

సార్ రెండుసార్లు చదివాడు.

“ఇదేం కారణమయ్యా. ఇది ఎవరికి అర్థమైతది?”

“కారణం ఇదే సార్.”

పంపేశాక తెర మీద ‘ధన్యవాదాలు’ అని వచ్చింది. యంత్రాలకు మర్యాద ఎక్కువ. సార్ కళ్లద్దాలు తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. బయటికి పోతూ గుమ్మంలో ఆగి, అటు తిరిగే అన్నాడు.

“నెలాఖరున తాళంచెవులు ఆఫీసుల ఇయ్యి. చెప్పకపోతే నువ్వే అడిగేలా ఉన్నవ్.”

*

సర్కారు పనుల్లో నీళ్లు ఆలస్యమవుతాయి గానీ రంగు ఆలస్యం కాదు. తర్వాతి మంగళవారానికి గానుగుపల్లికి బకెట్టుతో, బ్రష్షుతో ఇద్దరు మనుషులు వచ్చారని భూమేష్‌కు మధ్యాహ్నం తెలిసింది. అతను పరీక్షా కేంద్రం సామాన్ల జాబితా రాస్తున్నాడు. గాజు గొట్టాలు ఇరవై రెండు, పగిలినవి మూడు. ఫోను మోగింది. కొత్త నంబరు.

“నేను, బాలవ్వను. ఏసుదానం ఫోను.”

“చెప్పవ్వా.”

“మా బోరుకు తాగొద్దని ఎర్రరంగు పూసిండ్రు. మీద నుంచి కింది దాక.”

భూమేష్ పెన్ను కింద పెట్టాడు.

“ఏమన్న అన్నరా ఎవలన్న?”

“అనేటందుకు వాళ్లకేడ పురుసతుంది. ఊరి బోర్లకు గూడ పూసిండ్రు. ఐదుకు ఐదు. సర్పంచు ఇంటి ముందుదానికైతె రంగు సాలక మల్ల కలుపుకొచ్చిండ్రు.” ఆమె వెనక బిందెల చప్పుడు, చాలామంది ఆడవాళ్ల గొంతులు. “ట్యాంకరు ముందుగాల మా వాడకే వచ్చింది. ఎక్కువ ఉన్నకాడ ముందట ఆపాలెనట. ఊరోళ్లు కట్ట దిగి వచ్చిండ్రు. మా వెనక నిలవడ్డరు.”

“నిలవడ్డరా?”

“దూపైతె ఎవలైనా నిలవడ్తరు.” ఎవరినో గదమాయించి మళ్లీ ఫోనులోకి వచ్చింది. “కిందమీద సూసుకుంట నిలవడ్డరు గని, నిలవడ్డరు. మోసం అని ఎవ్వలు కాగితం తేలే. ఏం రాసినవు కొడుకా?”

“ఉన్నదే రాసిన.”

“ఏమన్నరు నిన్ను?”

“ఏమనలే.”

బాలవ్వ బీడీలు చుట్టే మనిషి; చేతిలోది వదులుగా ఉందో బిగువుగా ఉందో చూడకుండానే తెలుస్తుంది.

“మల్లెప్పుడు వస్తవ్?”

“ఇగ గా పని నాది కాదవ్వా. ఇంకోళ్లు వస్తరు.”

“పనుంటెనే వస్తవా?”

పైన మెట్ల మీద ఎవరో నవ్వుతున్నారు. భూమేష్ జాబితా కాగితాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు.

“ఆదివారం ప్రార్థన అయినంక బువ్వ తింటం,” అంది బాలవ్వ. “పన్నెండు గొట్టంగ రా. బోధన్ల ఆటో దొరకకుంటె ఏసుదానంకు ఫోను చెయ్యి, బండి మీద వస్తడు.”

“ఏమన్న తేవాల్నా అవ్వా?”

“ఏం తేకు. సీసలైతె అస్సలుకే తేకు.”

ఫోను పెట్టేశాక భూమేష్ జాబితాలో తర్వాతి వరుస మీద పెన్ను ఆనించి కూర్చున్నాడు. రాయాల్సింది ఏమిటో గుర్తు రాలేదు. ఆదివారం వేసుకోవడానికి ఇస్త్రీ చేసిన చొక్కా ఒక్కటైనా ఉందో లేదో, అది కూడా గుర్తు రాలేదు.